కోనసీమ ఇండ్లలో తుపాకిమందు

తెలుగులో రోగికిచ్చునది మందే. తుపాకిలో పోయునదియు మందే. కొలత తప్పినచో రెండును ప్రాణము తీయునని యెఱిగియే మన పెద్దలు వానికి ఒక్క పేరు పెట్టిరో యేమో. వైద్యుని మోతాదు వలెనే తుపాకివానికిని ఒక మోతాదు ఉండెడిది. దానిని కొలిచి పోయువాడు కర్మాగారమువాడు కాడు, పేల్చువాడే. తుపాకి దట్టించుట ఇంటిపనిగా ఉండిన ఆ కాలము ఎట్లు పోయినదో తెలిసికొనుట ఈ లంకల సీమవారికి వినోదము మాత్రమే కాదు. దీపావళినాడు మన ముంగిళ్లలో నేటికిని మిగిలియున్న అపాయమునకు మూలము అందే కలదు.

నాటి తుపాకిని మూతి నుండి దట్టింతురు. కొమ్ములోనో, చిన్న బుఱ్ఱలోనో దాచిన మందును కొలిచి గొట్టములోనికి పోయుదురు. పైన పీచు గాని గుడ్డపేలిక గాని ఉండచుట్టి గజముతో కూరుదురు. గజమనగా తుపాకి వెంట నుండెడి ఇనుపకడ్డీ. ఆపైన సీసపు గుండో, రవ్వలో వేసి, అవి జాఱిపోకుండ మరల నొక ఉండ బిగింతురు. చెవికడ రంజకము చల్లి నిప్పు తగిలించిన పేలును. ఆ నిప్పు మొదట జామగి యను వత్తిది, తరువాత చెకుముకిఱాతిది. స్కాట్లండునందలి మతాచార్యుడు అలెగ్జాండరు ఫోర్సైతు 1807లో పొందిన పేటెంటు ననుసరించి, కొట్టినంతనే పేలెడి రంజకము వాడుకలోనికి వచ్చి, క్రమముగా రాగిటోపీగా మాఱినది. టోపీ తుపాకి వానలోను పేలును. ఏటా నెలల తరబడి తడిసియుండు కోనసీమవంటి చోట ఇది చిన్న మార్పు కాదు.

ఈ పనిలో మతిమఱుపునకు క్షమ లేదు. దట్టించిన సంగతి మఱచి మరల దట్టించిన తుపాకి గొట్టము చీలి, పేల్చువాని చేతినే తీసికొనిపోవును. పల్లెటూరి వేటగాడే కాదు, శిక్షణ పొందిన సిపాయియు ఇట్లు మఱచినవాడే. 1863లో అమెరికా అంతర్యుద్ధమున గెట్టిస్‌బర్గు రణరంగమునుండి ఏఱి తెచ్చిన సుమారు 27,000 తుపాకులలో 24,000 దట్టించినవి దట్టించినట్లే యుండగా, వానిలో సగము రెండు మాఱులు దట్టించినవని లెక్క తేల్చిరి.

మందునకు కావలసినవి మూడు: పెట్లుప్పు, గంధకము, బొగ్గు. పెట్లుప్పునే సూరేకారమనియు అందురు. పాటిదిబ్బల మన్ను కడిగి, ఆ నీటిని కాచి, అడుగున కట్టిన పలుకులను ఏఱుదురు. బీహారు ఈ సరకునకు పుట్టినిల్లు. ఈస్టిండియా కంపెనీ ఓడలకొలది దీనిని ఐరోపాకు తరలించి లాభము గడించినది. గోదావరి వఱదనీరు కడిగిపోవు లంకనేలలలో ఈ ఉప్పు నిలువదు. గంధకము సముద్రముమీద రావలసినదే. ఇక కోనసీమకు సొంతమైనది బొగ్గు మాత్రమే. అందుచేత ఇచ్చట మందు నూఱుట ఇంటిపని యనిపించుకొన్నను, దాని ప్రాణమైన సరకు బజారునుండి వచ్చినదే. పైగా ఆ మందు తేమను పీల్చును. వర్షర్తువులో మెత్తబడిన మందును ఆరబెట్టబోయి ఇల్లు కాల్చుకొనుట, ఈ పని యున్న ప్రతి దేశమునను పదేపదే జరిగిన అనర్థము.

కోనసీమకు తుపాకి ఎఱుక పూర్వమే కలదు. 18వ శతాబ్దములో సముద్రతీరమందలి బెండమూర్లంకలో ఇంగ్లీషువారి కోఠీ ఉండెను. గౌతమి కావలనున్న యానాము ఫ్రెంచివారిది. దాని ప్రక్కనే ఇంజరములో మరల ఇంగ్లీషువారు. 1757 జనవరిలో బొబ్బిలికోట కూలిన పిమ్మట, ఆ యేడే బుస్సీ సేనలు బెండమూర్లంక, ఇంజరము, మాదపోలెము కోఠీలను పట్టుకొనినవి. మఱుసటి యేడు డిసెంబరులో చందుర్తికడ కల్నలు ఫోర్డు, విజయనగర ప్రభువు ఆనందగజపతి సేనలు కలిసి ఫ్రెంచివారి నోడించెను. సర్కారుజిల్లాలు ఎవరివగునో నిర్ణయించినది ఈ మందే యనుట అతిశయోక్తి కాదు.

అదే మందు నూఱేండ్లకు మఱియొక పనికి వచ్చినది. 1847 నుండి 1852 వఱకు ధవళేశ్వరమున కాటను దొర ఆనకట్ట కట్టించునప్పుడు కొండఱాతిని మందుపెట్టి పగులగొట్టిరి. కొండయన్నది లేని కోనసీమకు గన్నవరము అక్విడక్టు మీదుగా నీరు పాఱినదన్న, ఆ నీటి వెనుక కొంత తుపాకిమందును కలదు. యుద్ధముల కథలలో మందునకు దక్కినంత పేరు ఈ పనిలో దక్కకపోవుట విచిత్రము.

మందు ఇల్లు విడుచుటకు కారణములు రెండు: శాసనము, తూటా. 1857నాటి సిపాయీల అలజడికి ఎన్‌ఫీల్డు తుపాకి తూటా నెపమైన కథ అందఱును విన్నదే. అది నేటి ఇత్తడితూటా కాదు. మందును, గుండును ఒకచోట చుట్టిన కాగితపు పొట్లము. పంటితో కొఱికి చింపి, మందును మూతినుండియే పోయవలెను. ఆ పొట్లమునకు పూసిన క్రొవ్వే రగడకు మూలము. తిరుగుబాటు అణగిన పిమ్మట 1860లో ఒక ఆయుధ శాసనము, లిట్టను కాలమున 1878లో అంతకన్న కఠినమైన మఱియొకటి వచ్చినవి. లైసెన్సు లేనిదే తుపాకి గాని మందు గాని ఉంచుకొనరాదనిరి. ఐరోపావారికి మాత్రము మినహాయింపు నిచ్చిరి. 1884లో విస్ఫోటకముల శాసనము తోడైనది. ప్రజల ప్రాణములు కాపాడుటకే యని చెప్పిన ఈ కట్టుబాట్లలో పాలకుల భయము ఎంత, ప్రజాక్షేమము ఎంత యనునది ఆ మినహాయింపును చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈలోగా వెనుకనుండి దట్టించు తుపాకి వచ్చెను. మందు, గుండు, రంజకము మూడును ఒక్క తూటాలో ఇమిడిపోయినవి. పండ్రెండు బోరు తుపాకి యనగా, ఒక పౌను సీసముతో సమానమైన 12 గుండ్లు పోసినప్పుడు వానిలో ఒకటి సరిగా పట్టు గొట్టము గలది. తూటా పేలినను దాని డిప్ప మిగులును గదా! ఇంగ్లండు, అమెరికాలలో పొదుపరులైన వేటగాండ్రు ఆ డిప్పను పాఱవేయక, కాలిన టోపీ తీసి, క్రొత్తది పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగించి మరల వాడుకొనిరి. మొదట అది పొదుపు. తరువాత గుఱి కుదురుటకై చేయు సాధన. అమెరికాలో రెండవ ప్రపంచయుద్ధానంతరము అదియొక పెద్ద వినోదవ్యాసంగమైనది. ఆ పనియు ప్రాణాంతకమే. 1884లో ఫ్రాన్సున పాల్ వ్యేయి పొగలేని మందు కనిపెట్టిన తరువాత, పాత నల్లమందు కొలతతోనే క్రొత్తమందు పోసినవారి తుపాకులు బ్రద్దలైనవి. కంటికి కొలత అదే, బలము వేఱు.

ఈ వ్యాసంగము మన యొద్ద వేళ్లూనలేదు. దానికి సోమరితనము కారణము కాదు. శాసనము తలుపు మూసినది. తూటా చేతికి దొరకుట యన నేమియో 1922లో మన్యము చూపినది. వసిష్ఠకు ఆవలి ఒడ్డున నరసాపురములో కొంతకాలము చదివిన అల్లూరి సీతారామరాజు ఆ ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడెను. ధనము కోరలేదు. 26 తుపాకులు, 2,500కు పైబడిన తూటాలు తీసికొనెను. 1879నాటి రంపవీరుల పాతతుపాకులకు మందు కొండలలోనే కూర్చుకొనవచ్చును. ఠాణా తుపాకికి తగిన తూటాను ఏ గూడెమునను చేయజాలరు. పేల్చిన ప్రతి తూటాయు తిరిగిరానిదే. 1924 మే 7న రాజును చంపుటతో ముగిసిన ఆ పోరాటమున వీరత్వమును గూర్చి ఎందఱో వ్రాసిరి. తఱిగిపోవు తూటాల లెక్కను గూర్చి వ్రాసినవారు తక్కువ.

స్వతంత్ర భారతము 1959లో క్రొత్త ఆయుధ శాసనము చేసి, 1962 అక్టోబరు 1 నుండి అమలు పెట్టినది. జాతిభేదము పోయినది గాని, లైసెన్సు లేక తూటా చేయుట నేరముగనే నిలిచినది. 1972నాటి వన్యప్రాణి రక్షణ శాసనముతో ఉల్లంకిపిట్టలు, బాతుల వేటయు వెనుకబడినది. తీరపు మడలలో తుపాకిమోతకు మిషయే లేకపోయెను.

అయినను మందు నూఱు చేయి ఊరకుండలేదు. అది దీపావళివైపు మళ్లినది. మతాబాలు, చిచ్చుబుడ్లు, సిసింద్రీలు, తారాజువ్వలు గోదావరి జిల్లాల ఇండ్లలో కూర్చుకొనుట తరతరముల వాడుక. తండ్రి సూరేకారము తూచుచుండగా పిల్లలు బొగ్గు నూఱి, కాగితపు గొట్టములు చుట్టిరి. సిసింద్రీ ఎవరి పంచెలో దూఱినదను ముచ్చట మఱునాటి రచ్చబండకు సరిపోయెడిది. కాని మోతకై జువ్వల మందును విడిచి, రాపిడికే పేలు మిశ్రమములు పట్టినప్పటినుండి ముచ్చట మాఱినది. అట్టివానిలో క్లోరేటు, గంధకము కలిపినవానిని ప్రభుత్వము 1992లో నిషేధించినది. 1940 తరువాత శివకాశి సరకు వచ్చి పడుటతో ఇంటి కూర్పు చాలవఱకు తగ్గెను. పని ఇంటినుండి షెడ్డునకు పోయినదే గాని అపాయము పోలేదు. 2025 అక్టోబరు 8న, దీపావళికి ముందు, కోనసీమ జిల్లా రాయవరము మండలము కొమరిపాలెములో బాణసంచా తయారుచేయుచోట మంటలు చెలరేగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. కూలికై వచ్చినవారి ఇండ్లలో ఆ దీపావళి వెలుగలేదు.

వీని నడుమ ఒక్క బాణసంచాకు మాత్రము సూరేకారమును వలదు, గంధకమును వలదు. పోతుతాటి గెలలను కాల్చి బొగ్గు చేసి, ఉప్పు చేర్చి నూఱి, గుడ్డలో పొట్లము కట్టి, చీల్చిన తాటిమట్టల నడుమ బిగించి, కొసకు నిప్పంటించి త్రాటితో గిరగిర త్రిప్పుదురు. మోత యుండదు. రవ్వలు మాత్రము పూలవలె వలయముగా రాలుచుండును. దీనినే ఉప్పుపొట్లమందురు. త్రిప్పువాడు చేయి చాచి, చుట్టునున్న పిల్లలను దూరముగా నిలువుమని కేక వేయును.