శాసనమున పేరు, నవలలో ప్రాణము

హాలియానుండి నాగార్జునసాగరమునకు పోవు త్రోవ నాకు చిరపరిచితము. గడచిన సంవత్సరము మా వీథిలోని కళాశాలావిద్యార్థులు నలువురు నన్ను తోడు రమ్మనగా వారితో గూడి పోతిని. ఆనకట్ట దాటి, దక్షిణ విజయపురిలో లాంచి యెక్కి, నాగార్జునకొండ చేరి, అందలి వస్తుప్రదర్శనశాలను చూచుచుంటిమి. వారిలో నొక బాలిక శిల్పఫలకముల నన్నిటిని కలయజూచి నన్నడిగినది:

"పంతులుగారూ, ఇందులో శాంతిశ్రీ ఏదండీ?"

"ఏ శాంతిశ్రీ యమ్మా?"

"అడివి శాంతిశ్రీ. బాపిరాజుగారి నవలలోని రాకుమారి."

ఆమె బొమ్మ యేదియు నే నెఱుగననియు, ఆమె పేరు గల శాసనము మాత్రము కలదనియు చెప్పితిని. ఆ బాలిక యంతటితో తృప్తి నొందక, రాకుమారి మనసు, ఆమె ప్రేమ, ఆమె వేదన యెట్టివో తానే నాకు వివరింపజొచ్చెను. తక్కినవారును ఔననిరి. వా రదంతయు జరిగిన చరిత్రమనియే నమ్మియున్నారు. కాదనుటకు నాకు నోరు రాలేదు, ఔననుటకు మనసొప్పలేదు. ఆనాటి నా మౌనమునకు సమాధానముగా నీ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట శాసన మేమి చెప్పుచున్నదో చూతము. నాగార్జునకొండలోయలోని శిథిలములు 1926లో పరిశోధకుల దృష్టికి వచ్చెను. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్ట్ త్రవ్వకములు జరిపించెను. అచట బయల్పడిన ప్రాకృతశాసనములను వోగెల్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా యందు ప్రకటించెను. వానివలననే క్రీ.శ. 3వ శతాబ్దిలో విజయపురి రాజధానిగా నేలిన యిక్ష్వాకుల వంశక్రమము మనకు విశదమైనది. వాసిష్ఠీపుత్ర శ్రీశాంతమూలుడు అశ్వమేధాది క్రతువులు చేసిన వైదికమతాభిమాని. అతని తోబుట్టువులును, కుమారుడైన మాఠరీపుత్ర వీరపురుషదత్తుని దేవేరులును బౌద్ధసంఘమునకు దానములు చేసిన పుణ్యవతులు. ఒకే యింట యజ్ఞధూమమును, చైత్యదీపమును కలసి వెలుగుట యీ వంశమున కబ్బిన విశేషము.

మహాచైత్యముకడ నిలిపిన ఆయకస్తంభములలో నొకదానిపై "అడవి చాంతిసిరి" యను పేరు కలదు. ఆమె శాంతమూలమహారాజు కూతురు, వీరపురుషదత్తుని సోదరి, ధనకకులజుడును, మహాసేనాపతియు, మహాదండనాయకుడును అగు ఖందవిసాఖంనకుని భార్య. వీరపురుషదత్తుని యేలుబడి 6వ సంవత్సరమున ఆమె యా స్తంభమును నిలిపినది. తండ్రి, సోదరుడు, భర్త, దానము, సంవత్సరము: ఇవి గాక ఆమెను గూర్చి శిల యేమియు పలుకదు. ఆమె రూపమెట్టిది, భర్తను వరించినదా లేక పెద్దలు పెండ్లిచేసిరా, ఎన్నేండ్లు జీవించినది, దేనికి నవ్వినది, దేనికి కన్నీరు పెట్టినది, ఇవి యెవ్వియు అందు లేవు.

ఆమె పేరును గూర్చి రెండు మాటలు. శిలపై నున్నది చాంతిసిరి; శాంతిశ్రీ కాదు. ప్రాకృతమున సంస్కృతశకారము సామాన్యముగా సకారమగును. ఇచట చకారము కనబడుచున్నది. తండ్రి పేరును శిలపై చాంతమూలుడనియే కలదు. విద్వాంసులు దీనికి శాంతశబ్దమును సంస్కృతచ్ఛాయగా గ్రహించిరి. లోకమున నదియే రూఢమైనది. ఇక "అడవి" యను విశేషణ మేల చేరెనో శాసనము చెప్పదు. ఆమె మేనత్తయు చాంతిసిరియే. మహాచైత్యమునకు ప్రధానదాత్రి యామెయే. ఇరువురకు భేద మెఱిగించుటకై యీ పదము చేరెనేమో. ఇది నా యూహమాత్రము. నవలారచయిత యింటిపేరును, రాకుమారి పేరునకు ముందున్న పదమును ఒక్కటే యగుట చక్కని కాకతాళీయము. మీదుమిక్కిలి గమనింపదగిన దేమనగా, నవల యట్టమీద మనము చదువు శాంతిశ్రీ యను నామమే పండితులు చేసిన యొక యాదేశము. కల్పన నవలతో మొదలుకాలేదు, పేరుతోనే మొదలైనది.

అడివి బాపిరాజు 1895లో జన్మించి 1952లో కీర్తిశేషుడైన కవి, చిత్రకారుడు, నవలాకర్త. 1934లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పెట్టిన నవలలపోటీలో ఆయన నారాయణరావును, విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలును బహుమానమును పంచుకొనుట సాహిత్యలోకమున సుప్రసిద్ధము. హిమబిందువు శాతవాహనయుగమునకును, గోన గన్నారెడ్డి కాకతీయయుగమునకును, అడివి శాంతిశ్రీ యిక్ష్వాకుయుగమునకును చెందిన కథలు. చిత్రకారుడగుటచే ఆయన ప్రాచీనశిల్పములను కన్నులతో మాత్రమే గాక చేతితోగూడ చదివినవాడు. శిలపై నిశ్చలముగ నున్న కేశబంధము, హారము, మేఖల, నాట్యభంగి ఆయన వచనమున చలించినవి. విజయపురి యనునది యొక నగరమనియు, అందు మనుష్యులు సంచరించిరనియు వేలకొలది తెలుగు చదువరులకు తోచుటకు శాసనసంపుటములకంటె ఆ నవలయే హెచ్చుగా తోడ్పడినది. ఇది చిన్న యుపకారము కాదు.

కల్పించుటయే దోషమందురా, మన యలంకారశాస్త్ర మట్లనదు. ధనంజయుడు దశరూపకమున ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు తెఱగులుగా విభజించెను. ఆనందవర్ధనుడు ఇంకను ముందునకు పోయి, గ్రహించిన కథలో రసమున కనుగుణము గాని స్థితి యున్నయెడల దానిని విడిచి, ఉచితమైన వేఱొక కథాంశమును కవి కల్పించుకొనవలె ననెను. జరిగినది జరిగినట్లు చెప్పుటకు ఇతిహాసమే చాలును గదా యని యాయన యాశయము. కాళిదాసు దుర్వాసశ్శాపమును కల్పించి దుష్యంతుని కాపాడెను. భవభూతి సీతారాములను తుదకు కలిపెను. ఈ మార్పులను మనము తప్పనలేదు, నెత్తిన పెట్టుకొంటిమి.

అట్లైన ఆ బాలిక నమ్మకము నా కేల ముల్లువలె గ్రుచ్చుకొన్నది? చిరకాల మాలోచింపగా నొక భేదము తోచినది. భవభూతి కథ మార్చినను వాల్మీకి యట్లే నిలిచియున్నాడు. మార్పును మార్పుగా నెఱుగుటకు చదువరిచేత మూలము కలదు. ఆ యెఱుకయే రసములో సగపాలు. మనకాలమున ఓల్గా యశోధర యను నవల వ్రాసి, సిద్ధార్థుని గృహత్యాగమును భార్య హృదయమునుండి చూపినది. ఆ రాత్రి కథ తెలియని చదువరి యుండడు గనుక, ఎచట పాతది విడిచి కొత్తది చేర్చినదో వాని కెవ్వరును చెప్పనక్కఱలేదు. ప్రసిద్ధకథకు మూలమే కావలి.

శాసనమున పేరుమాత్రము మిగిలిన వ్యక్తికి అట్టి కావలి లేదు. మూలము నాలుగు పంక్తులు. నవల వందలకొలది పుటలు. ఆ పంక్తులు ప్రాకృతమున, బ్రాహ్మీలిపిలో నున్నవి. నవల తియ్యని తెలుగున నున్నది. తూకము సరిపోవునా? రామునిగూర్చి యెవ రేమి వ్రాసినను రాముడు మిగులును. అడవి చాంతిసిరినిగూర్చి యొక్క మంచి నవల వచ్చినచో, తరువాత ఆ నవలయే యామె యగును. రచయిత ప్రతిభ యెంత గొప్పదో యీ ప్రమాద మంత గొప్పది. చెడ్డనవలను ఎవరు చరిత్రమని నమ్ముదురు?

దీనికి దృష్టాంతము మా ప్రాంతముననే యింకొకటి కలదు. రుద్రమదేవి బాపిరాజు గోన గన్నారెడ్డిలోను, నోరి నరసింహశాస్త్రి రుద్రమదేవిలోను జీవించియున్నది. ఆ నవలలు వెలువడిన నాటికి ఆమె నిర్యాణకాలము నిశ్చితము గాదు. 1295వ సంవత్సర ప్రాంతమువఱకు ఆమె పాలించెనని చరిత్రకారులు వ్రాయుచుండిరి. తరువాత నకిరేకలు చేరువనున్న చందుపట్ల శాసనము వెలుగులోనికి వచ్చినది. కాకతి రుద్రమదేవియు, మల్లికార్జుననాయకుడును శివలోకము నొందగా, వారి పుణ్యార్థము పువ్వుల ముమ్మడి చేసిన దానమును 1289 నవంబరు 27వ తేదీతో నది తెలుపుచున్నది. దేవేరి యంత్యకాలము ఆఱేండ్లు వెనుకకు జరిగినది. ఇందు నవలాకర్తల దోషము లేదు. వారు తమనాటికి తెలిసినదానితో వ్రాసిరి. కాని శిల మాట్లాడినపుడు నవల తలవంచవలెను, నవల మాట్లాడినపుడు శిల తలవంచనక్కఱలేదు. ఈ క్రమము చదువరి మఱవరాదు.

ఈ జిల్లాకే చెందిన వట్టికోట ఆళ్వారుస్వామి వేఱొక మార్గము త్రొక్కెను. ప్రజల మనిషి యందు నిజాం పాలనలోని పల్లెల బ్రదుకును చిత్రించుచు, ఊరిపేరును మనుష్యుల పేర్లును కల్పించుకొనెను. దాశరథి రంగాచార్యుల చిల్లర దేవుళ్లును అట్టిదియే. అచట పేరు కల్పితము, బ్రదుకు నిజము. శాంతిశ్రీయందు పేరు నిజము, బ్రదుకు కల్పితము. మొదటిదానిలో సాక్షులు సజీవులు. పేరు మార్చుట వారిపట్ల మర్యాద. రెండవదానిలో సాక్షులు లేరు. కనుక మర్యాదభారమంతయు రచయితమీదను, చదువరిమీదను పడుచున్నది.

వ్యాకరణము చదివినవాడ నగుటచే నాకు పాణినీయమునందే యొక మార్గము కనబడినది. ఒకదాని స్థానమున వేఱొకటి వచ్చినయెడల, తొలగినదానిని స్థాని యనియు వచ్చినదానిని ఆదేశమనియు అందుము. ఆదేశము స్థానివలెనే యెంచబడి, స్థానికి కలుగు కార్యములను పొందును. దీనినే స్థానివద్భావ మందురు. కాని యందొక నిషేధము కలదు. స్థానియొక్క వర్ణము నాశ్రయించి విధింపబడిన కార్యమున ఈ యతిదేశము చెల్లదు. అనగా, అక్షరముమీద నాధారపడిన చోట ఆదేశము స్థానిగా నటింపరాదు.

నవలాపాత్రము ఆదేశము, శాసనవ్యక్తి స్థాని. రసమునందు పాత్రము వ్యక్తివలెనే గౌరవింపబడుగాక. శాంతిశ్రీ వేదనకు మన కన్నులు చెమర్చుగాక. పదునేడువందల యేండ్లనాటి స్త్రీకి హృదయ మొకటి యుండెనని మనము నమ్ముదముగాక. కాని యక్షర మాధారమైనచోట, అనగా తేదీ, బాంధవ్యము, మతము, దానము, మరణము నిర్ణయింపవలసినచోట, శిలమీది వర్ణమే ప్రమాణము. ఈ యొక్క నిషేధమును పాటించినచో నవలకును చరిత్రకును కలహమే లేదు.

ఈ నియమము పరులకు చెప్పినంత సులభముగా నేను పాటింపలేదు. శాంతమూలుని బిరుదములలో కోట్లకొలది సువర్ణమును, లక్ష గోవులను, లక్ష హలములను దానమిచ్చినవాడని యున్నది. సంస్కృతమున హాలికుడనగా నాగలి దున్నువాడు. ప్రాకృతమున కకారము లోపించి హాలియ యగును. మా యూరి పేరు హాలియా! ఈ రెండింటిని ముడివేసి, ఇక్ష్వాకురాజు హలదానము చేసిన కర్షకుల సంతతియే మా యూరని నే నొక రాత్రి పుట నిండ వ్రాసికొంటిని. తెల్లవాఱి చదువగా నందు వర్ణసామ్యము దప్ప ప్రమాణ మొక్కటియు లేదు. మా యూరిప్రక్కన పాఱు వాగునకును నదియే పేరు. ఊరు వాగుపేరు దాల్చెనో, వాగు ఊరిపేరు దాల్చెనో నిర్ణయింపక రాజును పిలుచుట యెట్లు? ఆ పుటను చించివేసితిని. అది నవలయైనచో చక్కని ప్రథమప్రకరణ మయ్యెడిది. చరిత్రమని ప్రకటించియున్నచో, ఆ బాలిక తప్పు నేను చేసినవాడ నగుదును. వ్యాకరణము చదివియు చేసినవాడ నగుదును.

ఈ విచారము మా ప్రాంతమువారికి వట్టి పండితచర్చ కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగరమునకు శంకుస్థాపన చేసెను. 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యము మొదలగువారు లోయను వేగిరముగా త్రవ్వి, కొన్ని కట్టడములను కొండపైకి తరలించి మరల నిర్మించిరి. తరువాత విజయపురి నీట మునిగినది. ఈవలియొడ్డున ఏలేశ్వరమును మునిగినది. ఆ నీరే యెడమకాలువ వెంట వచ్చి హాలియా పొలములను పండించుచున్నది. మే మన్నము దినుచున్నది శాంతిశ్రీ నగరమును ముంచిన నీటితో. ఆ నేలను తిరిగి త్రవ్వి సందేహము తీర్చుకొను నవకాశము మాకు లేదు. కనుక పైకి వచ్చిన కొలది యక్షరములను కల్పనలో కలిసిపోకుండ కాపాడుట మా ఋణము. ఇక్ష్వాకుల మాట పూర్తిగా ముగియలేదనుటకు సూర్యాపేట చెంతనున్న ఫణిగిరియే సాక్షి. రుద్రపురుషదత్తుని 18వ సంవత్సరపు శాసన మచట దొరకినది.

ఇటీవల ఆ బాలిక మా యింటికి వచ్చినపుడు, నవలను దాచుమని నేను చెప్పలేదు. శాసనపాఠమును ఒక కాగితముమీద తెలుగులిపిలో వ్రాసి, క్రింద నర్థము వ్రాసి, నవల మొదటి పుటలో నుంచుకొమ్మని యిచ్చితిని. చదివి, "ఇంతేనా పంతులుగారూ?" అన్నది. "ఇంతే యమ్మా. ఇంతకుమించినది బాపిరాజుగారిది" అంటిని. ఆమె యా కాగితమును మడచి నవలలో పెట్టుకొని పోయినది. మూలమునకు కావలి యైన దా కాగితము.