పదమూడో రౌండు: బాక్సింగ్ విజేతల రికార్డులను పోల్చడం ఎలా?

ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ చరిత్రలో రెండు అంకెలు తరచుగా వినిపిస్తాయి. మొదటిది 25. అమెరికాకు చెందిన జో లూయీ 1937లో ప్రపంచ విజేత అయ్యాడు. 1949లో విరమించేదాకా ఇరవై అయిదు సార్లు ఆ టైటిల్‌ను నిలబెట్టుకున్నాడు. రెండోది 49. అదే దేశానికి చెందిన రాకీ మార్సియానో 1947 నుంచి 1955 వరకు 49 పోటీలలో పాల్గొని అన్నింటిలోనూ గెలిచాడు. ఓటమి లేకుండానే 1956లో విరమించాడు. మరి వీరిద్దరిలో ఎవరు గొప్ప?

ఇలాంటి ప్రశ్న వినగానే మన చూపు అంకెల మీదికి పోతుంది. కాని ప్రయోగశాలలో ఒక కొలతను నమోదు చేసేటప్పుడు దాని పక్కనే పరిస్థితులను కూడా రాసుకుంటాం. నీరు ఎన్ని డిగ్రీల వద్ద మరుగుతుందో చెప్పాలంటే అక్కడి పీడనం ఎంతో తెలియాలి. బాక్సింగ్ రికార్డు కూడా ఒక కొలతే. దాన్ని ఏ పరిస్థితులలో తీశారో చెప్పేది చరిత్ర.

కొలమానం మారితే

1889లో మిసిసిపీ రాష్ట్రంలోని రిచ్‌బర్గ్ వద్ద జాన్ ఎల్. సల్లివాన్, జేక్ కిల్‌రెయిన్ ఒట్టి చేతులతో తలపడ్డారు. సల్లివాన్ గెలిచాడు. ఆ పోటీ 75 రౌండ్లు జరిగింది! నేటి 12 రౌండ్లతో పోల్చి ఆశ్చర్యపడే ముందు ఒక విషయం గమనించండి. ఆ నియమాల ప్రకారం ఇద్దరిలో ఒకరు నేలకు ఒరిగితే రౌండు ముగిసినట్లే. అంటే రౌండుకు నిర్ణీత కాలం లేదు. మూడు నిమిషాల రౌండు, ఒక నిమిషం విశ్రాంతి, చేతులకు గ్లవ్స్ అనేవి 1867లో వెలువడిన క్వీన్స్‌బరీ నియమాలతో వచ్చాయి. 1892లో న్యూ ఆర్లియన్స్‌లో ఈ కొత్త నియమాల కింద జేమ్స్ కార్బెట్‌ను ఎదుర్కొన్న సల్లివాన్ 21వ రౌండులో ఓడిపోయాడు. పేరు అదే, ఆట అదే. కాని 75లోని రౌండు, 21లోని రౌండు ఒకటి కావు.

తరువాతి కాలంలో ప్రపంచ టైటిల్ పోటీలకు 15 రౌండ్లు పరిమితిగా స్థిరపడ్డాయి. 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ 14వ రౌండులో కుప్పకూలి, కొద్ది రోజులకే మరణించాడు. ఆ విషాదం తరువాత ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ 1983 నుంచి పరిమితిని 12 రౌండ్లకు తగ్గించింది. ఆ దశాబ్దం ముగిసేలోగా మిగిలిన ప్రధాన సంస్థలూ అదే దారి పట్టాయి.

ఇప్పుడు మొదటి రెండు అంకెల దగ్గరకు తిరిగి వద్దాం. 1941 జూన్‌లో న్యూయార్క్‌లో జో లూయీని బిల్లీ కాన్ ఎదుర్కొన్నాడు. 12 రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు నిర్ణేతలలో ఇద్దరి లెక్కలో కాన్ ముందున్నాడు, మూడో లెక్కలో ఇద్దరూ సమానం. 13వ రౌండు ఆఖరి క్షణాలలో లూయీ అతణ్ణి నాకౌట్ చేశాడు. 1952 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో మార్సియానో తొలిసారి ప్రపంచ టైటిల్ కోసం జెర్సీ జో వాల్‌కాట్‌తో తలపడ్డాడు. 12 రౌండ్ల తరువాత ముగ్గురి లెక్కలోనూ వాల్‌కాట్‌దే పైచేయి. 13వ రౌండు మొదటి నిమిషంలోనే మార్సియానో కుడిచేతి దెబ్బకు అతడు కూలిపోయాడు.

అంటే నేటి నియమం ఆనాడు ఉండి ఉంటే 25, 49 అనే ఈ రెండు అంకెలూ చరిత్రలో ఉండేవి కావేమో! అయితే ఇక్కడ తొందరపడకూడదు. పోటీ 12 రౌండ్లేనని ముందే తెలిస్తే లూయీ గాని, మార్సియానో గాని అంతసేపు ఆగేవారు కారేమో. ఒక నియమాన్ని మారిస్తే దానితో పాటు ఆటగాడి ఆలోచన కూడా మారుతుంది. అందువల్ల పాత ఫలితాన్ని కొత్త నియమంతో దిద్దడం కూడా సరైన పద్ధతి కాదు.

శాతం చెప్పనిది

షుగర్ రే రాబిన్‌సన్ 1940 నుంచి 1965 వరకు సుమారు 200 పోటీలలో పాల్గొన్నాడు. వాటిలో 174 గెలిచి, 19 ఓడాడు. శాతం లెక్కిస్తే మార్సియానోకు నూరు, రాబిన్‌సన్‌కు దాదాపు 87. కాని మొదటి 40 పోటీలలో రాబిన్‌సన్‌కూ ఓటమి లేదు. 1943 ఫిబ్రవరిలో జేక్ లమోటా చేతిలో తొలిసారి ఓడి, అదే నెలలో అతణ్ణి తిరిగి ఓడించాడు. ఆ తరువాత 1951 వరకు మళ్లీ ఓడలేదు. అతని ఓటములలో అధిక భాగం వయసు మీరిన తరువాత వచ్చినవే. మార్సియానో 32 ఏళ్లకే విరమించాడు, రాబిన్‌సన్ 44 ఏళ్ల దాకా ఆడాడు.

బరిలోకి రానివ్వని వారు

రికార్డు పుస్తకంలో ఉన్న అంకెలకంటే లేని అంకెలు ఒక్కొక్కసారి ఎక్కువ చెబుతాయి. నల్లజాతి బాక్సర్లతో తలపడనని సల్లివాన్ బహిరంగంగానే ప్రకటించాడు. 1908లో సిడ్నీలో టామీ బర్న్స్‌ను ఓడించి జాక్ జాన్సన్ తొలి నల్లజాతి హెవీవెయిట్ విజేత అయ్యాడు. 1915లో అతడు ఓడిపోయాక, 1937లో లూయీకి అవకాశం వచ్చే వరకు, 22 ఏళ్లపాటు మరే నల్లజాతి బాక్సర్‌కూ ఆ టైటిల్ పోటీ దక్కలేదు.

సామ్ లాంగ్‌ఫర్డ్, హ్యారీ విల్స్ ఆ కాలపు మేటి బాక్సర్లు. విజేతలు వారికి అవకాశం ఇవ్వలేదు. నల్లజాతివాడైన జాన్సన్ కూడా టైటిల్ దక్కాక లాంగ్‌ఫర్డ్‌తో తలపడలేదు. దాంతో వారిద్దరూ ఒకరితో ఒకరే పదిహేను సార్లకు పైగా పోరాడవలసి వచ్చింది. అలాంటప్పుడు ఎవరో ఒకరి ఖాతాలో ఓటమి చేరక తప్పదు. ఆ ఓటములను బలహీనతగా లెక్కిస్తే, ఒకసారి జరిగిన అన్యాయాన్ని మనం మళ్లీ చేసినట్లే. వారిని ఎదుర్కోకుండా కాపాడుకున్న విజేతల రికార్డులను కూడా ఆ మేరకు తగ్గించి చదవాలి.

యంత్రం తీర్పు

ఈ పోలికను యంత్రానికి అప్పగించిన ప్రయత్నం కూడా ఉంది. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు 1967లో మహమ్మద్ అలీని బాక్సింగ్‌కు దూరం చేశారు. ఆ నిషేధ కాలంలోనే, 1969లో, అలీ, మార్సియానోల మధ్య పోటీని నటింపజేసి అనేక ముగింపులతో చిత్రీకరించారు. ఫలితం కంప్యూటర్ చెబుతుందన్నారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూపిన చిత్రంలో మార్సియానో నాకౌట్‌తో గెలిచాడు, అదీ 13వ రౌండులోనే! ఐరోపాలో మాత్రం అలీ గెలిచినట్లున్న ముగింపును చూపించారు. చిత్రీకరణ ముగిసిన కొద్ది వారాలకే విమాన ప్రమాదంలో మరణించిన మార్సియానో ఏ ముగింపూ చూడలేదు. కంప్యూటర్‌కు తనంతట తానుగా తెలిసింది ఏమీ ఉండదు. ఏ గుణానికి ఎంత విలువ ఇవ్వాలో మనిషి నిర్ణయిస్తాడు, ఆ నిర్ణయమే ఫలితమై బయటికి వస్తుంది.

మరి పోల్చడమే తప్పా?

తప్పు కాదు, పద్ధతిగా పోల్చాలి. ప్రతి విజేతను ముందుగా తన కాలంలోని మేటివారితో పోల్చాలి. రెండోది, ఒకే ప్రత్యర్థితో మళ్లీ తలపడినప్పుడు ఏమైందో చూడాలి. ప్రయోగాన్ని తిరిగి చేసి చూడడం వంటిదే ఇది. రాబిన్‌సన్, లమోటా ఆరుసార్లు తలపడితే అయిదుసార్లు రాబిన్‌సన్ గెలిచాడు. 1936లో తనను ఓడించిన మాక్స్ ష్మెలింగ్‌ను లూయీ 1938లో తొలి రౌండులోనే పడగొట్టాడు. ఈ దృష్టితో చూస్తే అందరికంటే ఎక్కువగా పరీక్షకు నిలిచిన రికార్డు రాబిన్‌సన్‌దేనని నా అభిప్రాయం. మూడోది, ఎవరిని బరిలోకి రానివ్వలేదో అడగాలి.

ఈ మూడో ప్రశ్న మన దేశానికీ వర్తిస్తుంది. మణిపుర్‌కు చెందిన మేరీ కోమ్ 2002 నుంచి 2018 వరకు ఆరు ప్రపంచ స్వర్ణాలు గెలిచింది. కాని ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్ 2012 వరకు లేనే లేదు. అప్పుడు కూడా మూడే బరువు తరగతులు. 45 నుంచి 48 కిలోల తరగతులలో ప్రపంచ విజేత అయిన ఆమె 51 కిలోలలో పోటీపడి కాంస్యం సాధించింది. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ స్వర్ణాలు గెలిచింది. ఆమె ఆ స్వర్ణాలు గెలిచే నాటికి ఒలింపిక్స్ తలుపులు తెరుచుకుని ఉన్నాయి. ఆరు, రెండు అని మాత్రమే రాసి ఊరుకుంటే ఈ చరిత్ర అంతా కనిపించకుండా పోతుంది.

ఈసారి ఎవరైనా రెండు రికార్డులు మీ ముందు పెట్టి ఎవరు గొప్ప అని అడిగితే, ఆ అంకెల పక్కన సంవత్సరం, నియమం, ప్రత్యర్థుల పేర్లు రాసి చూడండి.