వెన్నుపాము తెగితే తలలో ఏమవుతుంది

మెడ ఎముక తప్పిన మనిషికి కాళ్లూ చేతులూ ఉన్నట్టే తెలియదు. మూత్రం తనకు తెలియకుండానే చుక్కలు చుక్కలుగా పడుతుంటుంది. క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు వైద్య పత్రం ఎడ్విన్ స్మిత్ పాపిరస్‌లోని 31వ కేసు ఇది. చివర్లో వైద్యుడి తీర్పు: వైద్యం చేయదగ్గ జబ్బు కాదు. మెదడు పేరెత్తిన అతి పాత రాతల్లో ఆ పత్రం ఒకటి. అయినా 31వ కేసులో మెదడు ఊసు లేదు.

మొన్నమొన్నటిదాకా వైద్యుల లెక్కా అదే. మెదడు సబ్‌స్టేషన్, వెన్నుపాము తీగ. తీగ తెగితే ఊరు చీకటవుతుంది గానీ సబ్‌స్టేషన్‌కేం ఢోకా? 1909లో గోర్డన్ హోమ్స్, పేజ్ మే ఈ లెక్క తప్పని తేల్చే ఆధారాన్ని చేతిలోనే పట్టుకున్నారు. వెన్నుపాము పైభాగం దెబ్బతిన్నాక, కదలికలను నడిపే మెదడు పొరలోని పెద్ద కణాలు మారిపోవడం సూక్ష్మదర్శినిలో చూశారు. కానీ వాళ్లు వెతుకుతున్నది వేరు: కిందికి దిగే నాడీ మార్గం ఎక్కడ మొదలవుతుందన్నది. మారిన కణాలు వాళ్లకు ఆ దారి ఆనవాళ్లు, అంతే.

పైగా అప్పట్లో రోగి బతకడమే అరుదు. పడక పుండ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కొన్నాళ్లకే ప్రాణం తీసేవి. 1944 నుంచి ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ రాత్రీ పగలూ రెండేసి గంటలకు రోగిని పక్క మార్పించి ఈ కథ మార్చాడు. మనిషి ఏళ్ల తరబడి బతికితేనే కదా, ఆ ఏళ్లలో తలలో ఏం జరిగిందని అడిగేది.

జవాబు ముందుగా కోతుల్లో దొరికింది. చేతి నుంచి వెన్నుపాములోకి వెళ్లే స్పర్శ నాడులను పన్నెండేళ్ల కిందట కోసేసిన కోతులను 1991లో టిమ్ పాన్స్ బృందం పరీక్షించింది. మెదడులో చేతికి కేటాయించిన చోటు మూగబోయి ఉండాలి. ముఖాన్ని తాకితే ఆ చోటంతా పలికింది! పక్కనే ఉన్న ముఖం, ఖాళీ పడ్డ చేతి జాగాను సెంటీమీటరు పైనే కబ్జా చేసింది. 1997లో నీరజ్ జైన్, జాన్ కాస్ తదితరులు వెన్నుపాములోనే స్పర్శ దారులు కోసి చూస్తే, కొన్ని నెలలకు అదే తంతు.

నాకు ఎక్కువ నచ్చింది ఆ తర్వాతి అంకం. హర్యానాలోని మానేసర్‌లో, జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో జైన్ బృందం 2014లో ఒక చిన్న తిరకాసు ప్రశ్న వేసింది: అసలు కబ్జా జరిగింది ఎక్కడ? మెడకు పైన, మెదడు కాండంలో, చేతి కబురు మజిలీ చేసే చోటు ఒకటుంది. దాన్ని మత్తుమందుతో కాసేపు మొద్దుబారిస్తే, పైన మెదడు పొరలో ముఖం ఆక్రమణ మాయమైంది. అంటే గొడవంతా కింది మెట్టు దగ్గరే.

మనుషుల సంగతి ఇంత సూటిగా లేదు. సూపర్‌మ్యాన్ నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాడు. 2002లో వెలువడిన ఆయన మెదడు స్కాన్లలో, నాలుక కదిపినప్పుడు చేతి స్పర్శ జాగా వెలిగింది. పాదానికి ప్రకంపన ఇస్తే మాత్రం పాదానికి చెందిన చోటే వెలిగింది. కదలికల పటమూ దాదాపు పాత స్థానంలోనే ఉంది. రెండేళ్లకు, కత్తిపోటుతో మెడ కింది శరీరమంతా చచ్చుబడ్డ మాథ్యూ నేగల్ మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చారు. గాయమై మూడేళ్లయినా, చేయి కదపాలనుకోగానే అక్కడి కణాలు స్పందించాయి. కంప్యూటర్ తెరమీద కర్సర్ కదిలింది, ఈమెయిల్ తెరుచుకుంది. ముఖం జాగా లాక్కోవడం నిజమే, చేయి పట్టా వదులుకోకపోవడమూ నిజమే. ఈ రెంటినీ ఎలా కలిపి చదవాలన్న దానిమీద వాదులాట ఇంకా నడుస్తోంది.

2014లోనే అమెరికాలోని మేరీలాండ్ పరిశోధకులు మరో దిగులు చూపించారు: వెన్ను దెబ్బతిన్న ఎలుకల మెదడులో, జ్ఞాపకాన్ని చూసుకునే భాగాల్లో సైతం, దీర్ఘకాలపు వాపు.

2024లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్ బృందం తీగను వదిలి మెదడు వైపు నుంచే వచ్చింది. వెన్ను గాయమైన ఎలుకల మెదడంతా జల్లెడ పట్టి, నడక తిరిగి రావడంలో చేయివేసే చోట్ల కోసం వెతికింది. తేలింది హైపోథలామస్ పక్క భాగం, పాఠాల్లో మనం ఆకలి కేంద్రమని చదువుకున్నది. వెన్నుపాము పూర్తిగా తెగని ఇద్దరు రోగులకు అక్కడ ఎలక్ట్రోడ్ పెట్టి కరెంటు ఇస్తే, నడక అప్పటికప్పుడే తేలికైంది.