స్విస్ సైనికుడి చాకు: 1961 మోడల్ గొప్పదా, 2008 మోడల్ గొప్పదా?

ఈ రోజు టేబుల్ మీద రెండు మడత చాకుల కథ పెడుతున్నాను. ఒకటి 1961 మోడల్, ఇంకోటి 2008 మోడల్. రెండూ స్విట్జర్లాండ్ సైన్యం తన సైనికులకి ఇచ్చినవే. కొత్త ఫోన్ వస్తే మనం ఏం చేస్తాం? పాత ఫోన్ పక్కన పెట్టి కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత, బరువు ఎంత అని పోల్చుతాం. ఈ చాకులకి కూడా అదే చేద్దాం. కాకపోతే ఇక్కడ పాత మోడల్‌కీ కొత్త మోడల్‌కీ మధ్య 47 ఏళ్ళు గడిచాయి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. "స్విస్ నైఫ్" అనగానే మనకి ఎర్ర పిడి, దాని మీద తెల్ల శిలువ గుర్తు, సీసా బిరడా తీసే మెలికల కమ్మీ గుర్తొస్తాయి. ఈ రెండు మోడల్స్‌లో ఆ ఎర్ర పిడీ లేదు, ఆ కమ్మీ కూడా లేదు. 1961ది వెండి రంగు అల్యూమినియం పిడి. 2008ది ఆకుపచ్చ, నలుపు కలిసిన పిడి. మరి ఆ ఎర్ర చాకు ఎక్కడిది? దానికోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మొదటి చాకు ఎందుకు పుట్టింది?

1880ల చివర్లో స్విస్ సైన్యంలోకి కొత్త రైఫిల్ వచ్చింది. పేరు ష్మిట్ రూబిన్, 1889 మోడల్. దాన్ని విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. అదే కాలంలో సైనికుల తిండి రేకు డబ్బాల్లోకి మారుతోంది. డబ్బా తెరవడానికి ఒక పనిముట్టు, రైఫిల్‌కి ఇంకోటి, తోలుకి కన్నం పెట్టడానికి ఒక ఆరె, కోయడానికి ఒక చాకు. ఇవన్నీ విడివిడిగా మోసే బదులు ఒకే పిడిలో మడిచి పెట్టేద్దాం అనుకున్నారు. అలా వచ్చిందే 1890 మోడల్. నాలుగు పనిముట్లు, ముదురు రంగు ఓక్ చెక్క పిడి.

అయితే చిక్కేమిటంటే, అన్ని చాకులు ఒకేసారి తయారు చేసే కర్మాగారం అప్పట్లో స్విట్జర్లాండ్‌లో లేదు. మొదటి 15,000 చాకుల ఆర్డర్ జర్మనీలోని సోలింగెన్ పట్టణానికి వెళ్ళిపోయింది. స్విస్ సైనికుడి జేబులో జర్మన్ చాకు అన్నమాట.

ఇక్కడే కార్ల్ ఎల్స్‌నర్ కథలోకి వస్తాడు. టోపీలు చేసేవాళ్ళ ఇంటి అబ్బాయి. చాకుల పని నేర్చుకుని 1884లో, పాతికేళ్ళు కూడా నిండకుండానే, ష్విజ్ ప్రాంతంలోని ఇబాక్ అనే ఊళ్ళో చిన్న వర్క్‌షాప్ పెట్టాడు. ఈ రోజు స్విట్జర్లాండ్ అంటే బ్యాంకులు, వాచీలు, చాక్లెట్లు. ఆ రోజుల్లో ఆ కొండ లోయలు పేదవి. పని దొరక్క కుర్రాళ్ళు ఊళ్ళు వదిలి వలస పోయేవాళ్ళు.

వలస అంటే ఏంటో శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన తీరంలో సముద్రం ఎదురుగానే ఉంటుంది, మన మత్స్యకారులు మాత్రం గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి వేరేవాళ్ళ బోట్లెక్కుతారు. ఊళ్ళో పని ఉంటే ఎవరు వెళ్తారు చెప్పండి? ఎల్స్‌నర్ వేసుకున్న ప్రశ్న కూడా సరిగ్గా అదే.

1891లో అతను స్విస్ చాకుల తయారీదారులందరినీ ఒక సంఘంగా కూడగట్టాడు. మన సైన్యం చాకు మనమే చేద్దాం, ఆ పని మన ఊళ్ళలోనే ఉండాలి అన్నాడు. ఆ ఏడాది అక్టోబర్‌లో మొదటి సరుకు ఇచ్చారు కూడా. కానీ సోలింగెన్‌లో అంతా పెద్ద ఎత్తున జరుగుతుంది, అక్కడి ధర తక్కువ. ఆ ధరతో పోటీ పడలేక మిగతావాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఎల్స్‌నర్ మాత్రం ఆగలేదు. ఉన్న డబ్బంతా పోయింది, అప్పులపాలయ్యాడు. బంధువులు చేయూత ఇవ్వకపోతే కథ అక్కడితో ముగిసేది.

ఈ కథ మనకి కొత్త కాదు. సారవకోట దగ్గర బుడితి ఊరు ఇత్తడి, కంచు పనికి పేరు. చేతి పని బాగుందని అందరూ ఒప్పుకుంటారు. కానీ కొనేటప్పుడు చెయ్యి పక్కనున్న స్టీలు గిన్నె మీదకే పోతుంది. పని బాగుండటం ఒకటి, ధర దగ్గర గెలవడం ఇంకోటి.

ఎల్స్‌నర్‌ని గట్టున పడేసింది 1897లో వచ్చిన ఇంకో మోడల్. సైనికుడి చాకు బరువుగా ఉందని, తేలిగ్గా ఉండే ఆఫీసర్ చాకు ఒకటి తయారు చేశాడు. దాంట్లో ఇంకో చిన్న బ్లేడు, సీసా బిరడా తీసే కమ్మీ చేర్చాడు. ఒకే స్ప్రింగ్ రెండు వైపులా ఉన్న పనిముట్లని పట్టి ఉంచేలా కట్టాడు. అసలు ట్రిక్ అదే. సైన్యం దాన్ని అధికారికంగా తీసుకోలేదు. ఆఫీసర్లు సొంత డబ్బుతో కొనుక్కున్నారు. మన కళ్ళలో ఉన్న ఎర్ర చాకు ఆ వంశానిదే. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ సైనికులకి దాని జర్మన్ పేరు నోరు తిరగలేదు. "స్విస్ ఆర్మీ నైఫ్" అనేశారు. ఆ పేరే నిలబడిపోయింది.

కంపెనీ పేరు సంగతీ చెప్పేస్తాను. 1909లో ఎల్స్‌నర్ వాళ్ళ అమ్మ చనిపోయింది. ఆవిడ పేరు విక్టోరియా. ఆ పేరునే బ్రాండ్ చేశాడు. 1921లో కంపెనీలోకి తుప్పు పట్టని ఉక్కు వచ్చింది, ఫ్రెంచ్‌లో దాన్ని ఇనాక్స్ అంటారు. రెండూ కలిపితే విక్టోరినాక్స్.

ఇప్పుడు పోలిక

1961 మోడల్ మూసి ఉన్నప్పుడు పొడవు 93 మిల్లీమీటర్లు, బరువు సుమారు 72 గ్రాములు. 2008 మోడల్ 111 మిల్లీమీటర్లు, 131 గ్రాములు. అంటే కొత్తది పాతదానికి దాదాపు రెట్టింపు బరువు.

పాతదాంట్లో నాలుగే ముక్కలు. బ్లేడు, డబ్బా ఓపెనర్, సీసా మూత ఓపెనర్, ఆరె. డబ్బా ఓపెనర్ కొస చిన్న స్క్రూడ్రైవర్, సీసా ఓపెనర్ కొస పెద్ద స్క్రూడ్రైవర్. ఇంకేం లేదు. ఇంజనీర్ కంటితో చూస్తే ఇది చాలా క్లీన్ కోడ్: తక్కువ భాగాలు, ఒక్కో భాగానికి రెండేసి పనులు. లాక్ లేదు, స్ప్రింగ్ బలమే బ్లేడుని పట్టుకుంటుంది. తెరవాలంటే గోటితో లాగాలి, అంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

కొత్తదాంట్లో మూడు పెద్ద మార్పులు. ఒకటి, బ్లేడులో బొటనవేలు పట్టే కన్నం ఉంది, ఒంటి చేత్తో తెరవొచ్చు. రెండో చేత్తో తాడు పట్టుకున్నా, గాయపడ్డ మనిషిని పట్టుకున్నా పని ఆగదు. రెండు, తెరిచాక బ్లేడు లాక్ అవుతుంది, వేళ్ళ మీదకి మూసుకోదు. మూడు, అంచుకి అలల్లాంటి పళ్ళున్నాయి. తాడు, బెల్టు లాంటివి కోయాలంటే నున్నటి అంచు కంటే ఇది చురుకు. వీటికి తోడు కట్టెలు కోసే రంపం, స్టార్ స్క్రూడ్రైవర్ చేరాయి. 1961 మోడల్‌లో స్టార్ స్క్రూడ్రైవర్ లేదు. ఇప్పుడు ఎటు చూసినా స్టార్ స్క్రూలే కాబట్టి కొత్తదాంట్లో అది తప్పనిసరి. పిడి కూడా మారింది. అల్యూమినియం చలిలో చల్లబడుతుంది, తడిస్తే జారుతుంది. కొత్త పిడిలో నల్ల భాగం చేతిలో జారకుండా పట్టు ఇస్తుంది.

మరి పాతది ఎక్కడ గెలుస్తుంది? జేబులో. 72 గ్రాములు జేబులో ఉన్నట్టే తెలియదు. మామిడికాయ కోయడానికి, పార్సిల్ విప్పడానికి, పెన్సిల్ చెక్కడానికి నున్నటి అంచే హాయి. పైగా పళ్ళున్న బ్లేడుని ఇంట్లో సానపట్టుకోవడం కష్టం, పాతదాన్ని మామూలు సానరాయి మీద రెండు నిమిషాల్లో పదును చేసుకోవచ్చు.

ఇంకో తమాషా ఉంది. 2008 ఏప్రిల్ 1 నుంచి జర్మనీలో ఒంటి చేత్తో తెరుచుకుని లాక్ అయ్యే చాకుని తగిన కారణం లేకుండా బయట వెంట తిప్పుకోవడం చట్టవిరుద్ధం. అదే ఏడాది స్విస్ సైన్యం సరిగ్గా అలాంటి చాకునే ఎంచుకుంది. ఒక దేశంలో సైనికుడి అవసరం, పక్క దేశంలో చట్ట సమస్య. ఫీచర్ మంచిదా కాదా అనేది దాన్ని ఎవరు, ఎక్కడ, ఎందుకు పట్టుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

అసలు పోటీ చాకుల మధ్య కాదు

స్పెక్స్ అయిపోయాయి. ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది.

1908 నుంచి స్విస్ ప్రభుత్వం ఈ ఆర్డర్‌ని రెండు కంపెనీలకి సగం సగం పంచింది. జర్మన్ మాట్లాడే ప్రాంతంలో విక్టోరినాక్స్, ఫ్రెంచ్ మాట్లాడే ప్రాంతంలో వెంగర్. రెండు వైపులా పని ఉండాలని. 1961 మోడల్‌ని కూడా ఈ రెండు కంపెనీలే చేశాయి.

2001లో సెప్టెంబర్ 11 దాడులు జరిగాయి. ఆ తర్వాత విమానాల్లోకి చాకులు రానివ్వడం మానేశారు. అప్పటిదాకా ఎయిర్‌పోర్ట్ షాపుల్లో, విమానాల్లో గిఫ్ట్‌గా అమ్ముడుపోయే సరుకు ఒక్కసారిగా ఆగింది. విక్టోరినాక్స్ అమ్మకాలు దారుణంగా పడిపోయాయి. అలాంటప్పుడు కంపెనీలు ఏం చేస్తాయో ఐటీలో పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు. పొద్దున్నే ఒక మెయిల్ వస్తుంది, మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ లాక్ అయిపోతుంది. విక్టోరినాక్స్ మాత్రం మనుషుల్ని తీసేయలేదు. పని గంటలు తగ్గించింది, సెలవులు ముందే వాడుకోమంది, కొందరిని చుట్టుపక్కల కంపెనీలకి కొంతకాలం పనికి పంపింది. మంచి రోజుల్లో దాచుకున్న డబ్బు చెడ్డ రోజుల్లో వాడింది. 2005లో కష్టాల్లో ఉన్న వెంగర్‌ని కూడా కొనుక్కుంది.

తర్వాత కొత్త చాకు టెండర్ వచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల ప్రకారం విదేశీ కంపెనీలు కూడా పోటీ పడొచ్చు. స్విస్ ఆర్మీ చాకు చైనాలో తయారవుతుందా అని అక్కడి జనం కంగారు పడ్డారు. చూడండి, 1890లో జర్మనీ ధర ముందు నిలబడిన ప్రశ్నే 2008లో మళ్ళీ వచ్చి నిలబడింది. ఈసారి తేడా ఏంటంటే, ఇబాక్‌లో నాలుగు తరాల పనితనం ఉంది, మెషీన్లు ఉన్నాయి, మనుషులు ఉన్నారు. విక్టోరినాక్స్ పోటీలో నెగ్గింది.

పిడి మారింది, బరువు మారింది, అంచు మారింది, లాక్ వచ్చింది. రెండు మోడల్స్‌లోనూ మారనిది ఒక్కటే, తయారైన దేశం. అదేమీ దానంతట అదే జరగలేదు. 1891లో ఒక కుర్రాడు నష్టపోయి మరీ పట్టు వదల్లేదు కాబట్టి, 2001లో ఆ వంశం వాళ్ళు కార్మికుల్ని వదులుకోలేదు కాబట్టి, 2008లో పోటీకి దిగడానికి ఆ ఊళ్ళో ఎవరో ఒకరు ఉన్నారు.

కాబట్టి నా తీర్పు. యూనిఫాంలో ఉన్న మనిషికి 2008 మోడల్, అందులో సందేహం లేదు. మన లాంటి వాళ్ళ జేబుకి 1961 మోడల్. ఏది కొన్నా విమానం ఎక్కేటప్పుడు మాత్రం చేతి సంచిలో పెట్టకండి, చెక్-ఇన్ లగేజీలో వేయండి.

ఇక మీకో పని. మీ ఊళ్ళో ఏ వస్తువు ఇప్పటికీ ఊళ్ళోనే తయారవుతోంది? కొడవలి కావచ్చు, బుడితి చెంబు కావచ్చు, పొందూరు బట్ట కావచ్చు. అది చేసే వాళ్ళని ఒకసారి అడగండి: మీ తాతగారి కాలం నాటి మోడల్‌కీ దీనికీ తేడా ఏటి? రాసి పంపండి. మంచి కథ దొరికితే కెమెరా తీసుకుని మేమే వస్తాం. ఉంటాను.