ఒకే పంటను నమ్ముకొంటే



“రొక్కం చేతికిచ్చే పంట ఒకటి వుండగా, నాలుగు రకాల గింజలు కలిపి చల్లడం యెందుకయ్యా?” అని మీలో కొందరు అడుగుతూ వుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం దూరం పోనక్కరలేదు. 2000వ సంవత్సరం ఖరీఫులో అనంతపురం జిల్లాలో జరిగిన సంగతి తెలుసుకొంటే చాలు.

అనంతపురం వాన తక్కువ సీమ. యేడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త వాననైనా నమ్మడానికి లేదు. అందుచేతనే పెద్దలు కొర్ర, జొన్న, సజ్జ, కంది, అలసంద, అనుము, ఆముదం వంటివి కలిపి వేసేవారు. ముందువాన దక్కితే కొర్ర ఇంటికి వచ్చేది, వెనుకవాన దక్కితే కంది వచ్చేది. మనిషికి గింజ, పశువుకు చొప్ప, నేలకు రాలిన ఆకు, మూడూ ఆ చేలోనే దొరికేవి.

వేరుశనగ దక్షిణ అమెరికానుంచి వచ్చిన పంట. గానుగలు, నూనె మిల్లులు, రొక్కపు బేరం దానికి తోడైనవి. తిండివనంలో తయారై 1940లో విడుదలైన టి.ఎం.వి.-2 రకం సీమ రైతుకు బాగా నచ్చి, దశాబ్దాల తరబడి నిలిచిపోయింది. 1986లో కేంద్ర ప్రభుత్వం నూనెగింజల మిషన్ పెట్టడంతో ఊపు మరింత పెరిగింది. చివరకు జిల్లాలో ఎటు చూసినా ఒకే పంట, అందులోనూ ఎక్కువ భాగం ఒకే రకం. ఇందులో రైతును తప్పు పట్టడానికి లేదు. అప్పు పుట్టేది ఆ పంటకే, విత్తనం దొరికేది ఆ పంటకే, బేరగాడు వచ్చేదీ ఆ పంటకే.

ఆ యేడు పైరుకు ఒక తెగులు తగిలింది. చిగురాకులు మాడి, కాడలూ కాండమూ నల్లబడి, లేత మొక్కలు నిలువునా చచ్చిపోయినవి. సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నవి. నష్టం 300 కోట్ల రూపాయలకు పైమాటేనని అంచనా కట్టారు. ముందు అందరూ మొవ్వుకుళ్ళు అనుకొన్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఇది టొబాకో స్ట్రీక్ అనే వైరస్ అని తేల్చారు.

అది వచ్చిన దారి చూడండి. గట్లమీద, బీళ్లలో పెరిగే వయ్యారిభామకు యీ వైరస్ సోకినా, పైకి యే జబ్బూ కనిపించదు. దాని పుప్పొడిలో వైరస్ వుంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకొని, గాలివాటుకు చేలో వాలి, ఆకును గీరుతవి. ఆ గాటులోనుంచి వైరస్ మొక్కలోకి పోతుంది. మొక్కకు వైరస్ సోకిన తరువాత నయం చేసే మందు లేదు. గాలికి అడ్డంగా జొన్న, సజ్జ నిలిచివుంటే పురుగూ పుప్పొడీ చాలావరకు అక్కడే ఆగుతవి. పొట్టి పంట ఒక్కటే మైళ్ల తరబడి పరచుకొంటే ఆ అడ్డు యెక్కడిది?

యీ మాట కొత్తది కాదు. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1905లో బీహారులోని పూసాకు వచ్చాడు. మన దేశపు రైతులనూ, పైరుమీది పురుగులనూ తన గురువులుగా చెప్పుకొన్నాడు. 1924నుంచి 1931వరకు ఇందూరులో పనిచేసి, చెత్తాచెదారం, పేడ, పశువుల మూత్రం ఇంకిన మట్టి, బూడిద పొరలు పొరలుగా పేర్చి, తడి ఆరనీయక, తిరగవేస్తూ, సుమారు మూడు నెలల్లో ఎరువు చేసే పద్ధతిని స్థిరపరచాడు. ఈనాడు సేంద్రియ సాగు అని లోకం చెప్పుకొనేదానికి పునాది వేసినవారిలో ఆయన ఒకడు. 2016నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా జరుగుతున్న ప్రకృతి వ్యవసాయంలో నవధాన్యాలు కలిపి చల్లడం కూడా పాత చేను దారే.

అయితే ఒక్క యేడులో అన్నీ మార్చమని నేను చెప్పను. ఎరువుల బస్తా ఒక్కసారిగా మానేస్తే మొదటి యేళ్లలో దిగుబడి తగ్గవచ్చు. అప్పున్న ఇల్లు ఆ దెబ్బకు ఓర్వలేదు. ముందు ఒక చెక్కలో మొదలుపెట్టండి. వేరుశనగ వేస్తే మధ్యమధ్య కంది సాళ్లు వుంచండి. చేను చుట్టూ జొన్న గాని సజ్జ గాని దట్టంగా వేయండి. వయ్యారిభామను పూతకు ముందే పెరకండి. అది ఒంటికి పడదు, చేతులకు గుడ్డ కట్టుకోండి. పూతకు రానిదైతే పెరికినదంతా ఎరువు గుంటకే వేయవచ్చు. మరుసటి యేడు ఆ చెక్కలో వేరే పంట వేయండి.

పంట పోయిన యేడు ఇంట్లో పిల్లలు తినేది యేమిటి? విత్తనం కొనే ముందు ఆ లెక్క కూడా ఇంటిల్లిపాదీ కూర్చుని వేసుకోండి. ఒక్క పంట పోతే అన్నీ పోయే సేద్యం చేయవద్దు.