వార్డు నుంచి శాసనసభ దాకా: అయ్యదేవర కాళేశ్వరరావుగారు

బందరు, గుడివాడ, దివిసీమల్లోని మన కుటుంబాలలో పెళ్ళి సరుకుల కోసం విజయవాడ వెళ్ళి, కాళేశ్వరరావు మార్కెట్టులో బేరమాడని పెద్దలు అరుదు. ఆ కాళేశ్వరరావుగారు ఎవరని మన పిల్లల్ని అడిగితే మాత్రం చెప్పగలవారు కొద్దిమందే.

వారు పుట్టింది నందిగామలో. చదివింది మన బందరు నోబుల్ కాలేజీలో, రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి వద్ద. గురువుగారు బ్రహ్మసమాజీకులు. శిష్యులు విజయవాడలో వకీలుగా స్థిరపడ్డాక, 1911లో వెలసిన రామమోహన గ్రంథాలయానికి అండగా నిలిచారు. ఆ రాజా రామమోహన రాయ్ తొలినాటి గ్రంథం ఫారసీలో, దాని పీఠిక అరబ్బీలో ఉన్నవని మనవాళ్ళు గుర్తుంచుకోవాలి.

స్వాతంత్ర్యోద్యమంలో కాళేశ్వరరావుగారు జైలుకు వెళ్ళారు, విజయవాడ మునిసిపల్ ఛైర్మన్‌గానూ పనిచేశారు. మునిసిపాలిటీ అంటే ఏమిటి? కుళాయి నీళ్ళు, వీధిదీపం, మురుగుకాలువ, బడి. పాలన అనేది ఓనమాలతో నేర్చుకునే చోటు అదే.

1937లో వారు మద్రాసు శాసనసభకు ఎన్నికైనారు. ఆనాటి 215 స్థానాలలో 28 ముస్లిములకు విడిగా ఉండేవి. కనుక మన పెద్దలకు ఓటున్నా, కాళేశ్వరరావుగారి వంటి వారికి వేసే వీలు లేదు. మన వీధి కాలువ గురించి ఆయన్ని నిలదీసే హక్కూ ఆ మేరకు తగ్గినట్టే. రాజ్యాంగం వచ్చాక జాబితా ఉమ్మడిదైంది. 1955లో విజయవాడ దక్షిణం నుంచి వారు గెలిచిన నాటికి అందరిదీ ఒకే పెట్టె.

1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరైనారు. తెలుగులో చదివినవారూ, ఉర్దూలో చదివినవారూ కలిసిన సభ అది. 1962 ఫిబ్రవరి 26న కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆ సభ జరిగిన భవనం, ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా నలభయ్యో జన్మదినానికి గుర్తుగా పౌరులు కట్టించిన హైదరాబాదు టౌన్‌హాలు. పట్టణసభలో పని నేర్చినాయన చివరికి అధ్యక్షత వహించింది టౌన్‌హాలులోనే!

1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన ఏ గడపనూ వేరుచేసి చూడలేదు. మురుగునీరూ అంతే. అందుకే యువకులకు ఒక్క మాట: వార్డు పదవి చిన్నదని తీసిపారేయకండి. ముందు ఓటర్ల జాబితాలో అమ్మ పేరు, అక్కచెల్లెళ్ళ పేర్లు ఉన్నాయో లేదో చూసి రండి. ఆపైన శాసనసభ సంగతి మాట్లాడుకుందాం.