జ్వరం దిగాక మారిన మనిషి

భద్రాచలం మన్యం చరిత్రలో సగం జ్వరాల చరిత్రే. పంతొమ్మిదో శతాబ్దంలో దుమ్ముగూడెం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టి ఎగువకు పడవలు నడపాలని చూసిన ఇంగ్లీషు ఇంజనీర్లనూ కూలీలనూ చలిజ్వరం కుదేలు చేసింది. మలేరియా క్రిమిని దోమ పొట్టలో 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ పట్టుకున్నాడు. 1953లో దేశమంతటా మలేరియా నియంత్రణ మొదలైంది. ఆ మలేరియా శాఖలోనే నేను రిటైరయ్యాను. గూడేల్లో వేలు పొడిచి స్లైడు తీయడం, డీడీటీ కొట్టిన తేదీ గోడమీద రాయడం మా పని.

స్లైడులో ‘పీఎఫ్’, అంటే ఫాల్సిపారం రకం మలేరియా, వస్తే భయం. అది మెదడుకెక్కితే ఫిట్స్ వస్తాయి, స్పృహ పోతుంది. బతికి బయటపడ్డ కొందరిలో మతిమరుపు, అనుమానం, పట్టరాని కోపం మిగులుతాయి. చర్ల వైపు ఒక కోయ ఇల్లాలు నాతో అంది: “జరం పోయింది సారూ, మనిషి మారిండు. తిని చెయ్యి కడుక్కొని, బువ్వ పెట్టలేదని కొట్టవస్తుండు.”

అప్పటికే వెజ్జు, అంటే గూడెం మంత్రవైద్యుడు, వచ్చి కోడిని కోయించి వెళ్లాడు. నేను దాన్ని కొట్టిపారేయను. తప్పు మనిషిది కాదు, సోకిన గాలిదని అతను చెప్పడంతో ఆ ఇల్లు కాస్త కుదుటపడింది. కానీ అదే నమ్మకం చేతబడి దాకా పోతే పొరుగింటి ముసలమ్మ బలవుతుంది.

ఇక పిచ్చాసుపత్రులా, దూరం. 1959 దాకా తూర్పుగోదావరిలో ఉన్న ఈ తాలూకాకు విశాఖపట్నం, ఖమ్మంలో కలిశాక హైదరాబాదులోని ఎర్రగడ్డ. 1965లో వంతెన పడేదాకా గోదావరి దాటాలంటే పడవే. తీసుకెళ్లినా మనిషిని అప్పగించి రావడమే. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ మాత్రం ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, ఇంటివాళ్లనూ రోగి పక్కనే ఉంచాడు.

మా డాక్టరు చెప్పిన జాగ్రత్తలు ఆ కోయ ఇల్లాలికి నేను విడమరిచాను. వాదించొద్దు. ఒకసారి ఒకే పని చెప్పాలి. తిండి, నిద్ర వేళ తప్పొద్దు. కల్లూ సారా ముట్టనీయొద్దు. చెయ్యెత్తితే పిల్లలతో పక్కకు తప్పుకోవాలి. ఆమె ఒకటి తనే కనిపెట్టింది: తిన్న గిన్నె కడగకుండా అతని ముందే ఉంచేది. అతను గిన్నె చూసుకుని ఊరుకునేవాడు.

ఇప్పుడు ఆశా కార్యకర్త కిట్టుతో అక్కడికక్కడే మలేరియా పరీక్ష చేస్తుంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ ఉచితంగా సలహా ఇస్తుంది. అయినా రోగిని ఇంటికి పంపే రోజు ఇంటివాళ్లను కూర్చోబెట్టి, ఈ కోపం జబ్బు పనేనని చెప్పడం వైద్యంలో భాగం కావాలి. మనం చెప్పకపోతే కారణాన్ని వాళ్లే వెతుక్కుంటారు, అదీ పొరుగింట్లో.